ఫాల్స్ సీలింగ్ బోర్డులు ఎగుడుదిగుడుగా ఉంటే లప్పం పెట్టకముందే సరిచేసుకోవడం ఎలా?

సీలింగ్ అంచు గాడిలో దాచిపెట్టే కోవ్ లైటు వెలిగించిన రోజున సీలింగ్ అసలు రంగు బయటపడుతుంది. పగలంతా నున్నగా కనిపించిన జిప్సం బోర్డు మీద, రాత్రి ఆ ఎల్‌ఈడీ స్ట్రిప్పు వెలగగానే ఇక్కడో గీత, అక్కడో మిట్ట తేలతాయి. మామూలు బల్బు వెలుతురు సీలింగ్‌కి ఎదురుగా పడుతుంది. కోవ్ లైటు అలా కాదు, బోర్డును ఒరుసుకుంటూ పక్కగా పోతుంది. దానికి ఒక మిల్లీమీటరు మెట్టు అడ్డం వచ్చినా చాలు, అంగుళాల పొడవున నీడ పడుతుంది. అప్పటికి పెయింటింగ్ అయిపోయి, సీలింగ్ చేసినవాళ్ళు డబ్బులు తీసుకుని వెళ్ళిపోయి ఉంటారు.

పెయింటర్‌ని అడిగితే "ఇంకో కోటు లప్పం పెడితే పోతుంది సార్" అంటాడు. పోదు. పల్చటి లప్పం, కింద ఉన్న వంకర ఎలా ఉందో అలాగే పైకి తెస్తుంది. మందంగా పెడితే బరువు పెరుగుతుంది, ఎండేటప్పుడు చీలుతుంది. లెక్క వేసి చూడండి. 12 అడుగులకు 12 అడుగుల గది సీలింగ్ దాదాపు 13.4 చదరపు మీటర్లు. దాని మీద సగటున 5 మి.మీ. మందం నింపాలంటే 67 లీటర్ల సరుకు కావాలి. ఎండిన తర్వాత కూడా అది 70 కిలోలకు తగ్గదు. 12.5 మి.మీ. జిప్సం బోర్డుల సొంత బరువే ఆ గదికి 110 కిలోల పైచిలుకు. అంటే బోర్డులను పట్టుకుని ఉండే ఇనుప ఫ్రేము మోయాల్సిన బరువులో సగానికి పైగా అదనంగా లప్పం రూపంలో తగిలించినట్టు. అసలే కిందికి దిగిన ఫ్రేము దాంతో ఇంకొంచెం దిగుతుంది.

కాబట్టి వరుస ఇదీ: కదులుతున్న బోర్డును ముందు బిగించాలి, దిగిన ఫ్రేమును పైకి లాగాలి, బోర్డుకీ బోర్డుకీ మధ్య మెట్టును వీలైనంత తగ్గించాలి. ఇంత చేశాక మిగిలిన పల్లం మాత్రమే కాంపౌండుతో (బోర్డు జాయింట్లు నింపడానికి చేసిన లప్పం) నింపాలి. ఈ వరుస తప్పితే తర్వాత ఎంత ఖరీదైన పుట్టీ వాడినా ప్రయోజనం ఉండదు.

ఇంకో మాట. ఈ పని మీద యూట్యూబ్‌లో వచ్చే వీడియోలు ఎక్కువగా బ్రిటన్, అమెరికాల నుంచి వస్తాయి. బ్రిటన్‌లో బోర్డు మొత్తం మీద రెండు మూడు మిల్లీమీటర్ల జిప్సం ప్లాస్టర్ పూత (స్కిమ్) వేయడం మామూలు. అమెరికాలో సాధారణంగా జాయింట్లూ స్క్రూ గుంటలూ మాత్రమే మూసి పెయింట్ వేసేస్తారు. మన దగ్గర ఈ రెండూ కలిసిన పద్ధతి నడుస్తోంది: జాయింట్లు టేపుతో మూస్తారు, తర్వాత మొత్తం మీద పల్చటి కోట్లు వేస్తారు. కింద రాసింది ఈ పద్ధతికి సరిపోయేలా రాశాను. బోర్డులు బిగించాక, జాయింట్లకు ఇంకా టేపు వేయని దశలో ఉన్నారనుకుని చదవండి. టేపు వేసేసి ఉన్నా చాలావరకు పనికొస్తుంది, కానీ కొంత గీకి తీయాల్సి వస్తుంది.

1. చీకటి చేసుకుని వెతకండి

పగలు వెతికితే సగం తప్పులు దొరకవు. సాయంత్రం లైట్లన్నీ ఆర్పి, మంచి టార్చ్‌ని గోడ పైఅంచు దగ్గర సీలింగ్‌కి ఆనించి, వెలుతురు బోర్డు మీద పాకేటట్టు పట్టుకోండి. నీడ పడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పెన్సిలే వాడండి. మార్కర్, బాల్‌పెన్ను సిరా లప్పం దాటి, ఎమల్షన్ దాటి పైకి తేలుతుంది. నాలుగు గోడల వైపు నుంచీ చూడాలి, ఎందుకంటే వెలుతురు పాకే దిక్కుకు సమాంతరంగా ఉన్న గీత ఆ వైపు నుంచి కనిపించదు. కోవ్ ఎటువైపు వస్తుందో తెలిస్తే ఆ వైపు మరింత జాగ్రత్తగా చూడండి. రేపు మీ కళ్ళకు కనిపించబోయేది ఆ నీడలే.

తర్వాత ఆరడుగుల అల్యూమినియం బద్దను బోర్డుకు ఆనించి చూడండి. బద్ద మధ్యలో ఆగి రెండు చివర్లూ ఊగుతున్నాయంటే అక్కడ మిట్ట ఉంది. చివర్లు తగిలి మధ్యలో సందు వస్తే పల్లం. సందు ఎంతుందో గుర్తు పక్కనే రాసిపెట్టుకోండి.

గది మొత్తానికి పొట్ట ఉందా లేదా అన్నది బద్దకు దొరకదు. దానికి దారం కావాలి. మిగిలిన బోర్డు ముక్క నుంచి ఒకే మందమున్న మూడు చిన్న ముక్కలు కోయండి. రెండింటిని ఎదురెదురు గోడల దగ్గర సీలింగ్‌కి బిగించి, వాటి మీదుగా నైలాన్ దారం గట్టిగా లాగి కట్టండి. మూడో ముక్కను దారానికీ సీలింగ్‌కీ మధ్య జరుపుతూ పోండి. ముక్క దారాన్ని కిందికి నెట్టిందంటే అక్కడ సీలింగ్ దిగింది. ముక్కకీ దారానికీ మధ్య సందు కనిపిస్తే అక్కడ పైకి పోయింది. హాలు పెద్దదైతే దారం దానంతటదే కొంచెం వేలాడుతుంది, అప్పుడు లేజర్ లెవెల్ అద్దెకు తెచ్చుకోవడం మంచిది. సీలింగ్‌కి ఒక జానెడు కింద లేజర్ గీత వేసి, రెండేసి అడుగులకు ఒకసారి స్కేలుతో గీత నుంచి బోర్డు దాకా కొలిస్తే మొత్తం చిత్రం కాగితం మీదికి వస్తుంది.

ఈ కొలతలతోనే పని ఎంతో తేలుతుంది. ఆరడుగుల బద్ద కింద 3 మి.మీ. లోపు తేడా ఉంటే కాంపౌండుతో సరిపోతుంది. 3 నుంచి 6 మధ్య ఉంటే స్క్రూలు విప్పి సర్దడం, ఆ తర్వాత వెడల్పుగా వాలు ఇవ్వడం, రెండూ కావాలి. 6 దాటితే లప్పం మాట మర్చిపోయి బోర్డు దించి ఫ్రేము చూడాలి. ఇది నేను పెట్టుకున్న లెక్క. మీ గదిలో కోవ్ లైటు లేకపోతే కొంచెం సడలించుకోవచ్చు.

2. అరచేత్తో నొక్కండి

స్టూలు ఎక్కి ప్రతి బోర్డునూ జాయింట్ల దగ్గర, మధ్యలో అరచేత్తో పైకి నొక్కుతూ పోండి. బోర్డు కదలకూడదు. "టక్" మని లోపలికి వెళ్ళి, చెయ్యి తీయగానే కిందికి వచ్చిందంటే స్క్రూ పట్టు లేదు, లేదా బోర్డుకీ చానెల్‌కీ (బోర్డును బిగించే ఇనుప సెక్షన్) మధ్య ఏదో ఇరుక్కుంది. ఇలా కదిలేచోట ఎంత బాగా టేపు వేసినా అది పగుళ్ళిస్తుంది.

ఇదే తిరుగుడులో ఇంకో పరీక్ష కూడా కానిచ్చేయండి. ఆరంగుళాల పుట్టీ పట్టీని (లప్పం పూసే రేకు) స్క్రూల వరుస మీదుగా బోర్డుకు ఆనించి లాగండి. తల పైకి ఉన్న స్క్రూ దగ్గర పట్టీ "టిక్" మంటుంది. ఆ శబ్దం వచ్చినచోటల్లా అరచుట్టో చుట్టో స్క్రూ బిగించాలి. తల బోర్డు కాగితం కంటే వెంట్రుకవాసి లోపలికి దిగాలి కానీ కాగితాన్ని చింపకూడదు. బోర్డు బరువు మోసేది ఆ కాగితం పట్టే. కాగితం చిరిగి తల జిప్సంలోకి దూసుకుపోతే ఆ స్క్రూ ఉన్నా లేనట్టే. దాన్ని వదిలేసి రెండంగుళాల పక్కన కొత్తది వేయండి.

12.5 మి.మీ. బోర్డుకు 25 మి.మీ. డ్రైవాల్ స్క్రూలు, 230 మి.మీ. దూరంలో ఒకటి చొప్పున, అంటే జానెడుకొకటి. టేప్ పెట్టి కొలవండి. అడుగుకొకటి, అడుగున్నరకొకటి వేసి వెళ్ళిపోవడం మామూలైపోయింది. అంచు నుంచి కనీసం 10 మి.మీ., కోసిన అంచయితే 13 మి.మీ. లోపలికి ఉండాలి, లేకపోతే అంచు పెళ్ళ ఊడుతుంది.

3. పైన ఏముందో చూడండి

గది మధ్యలో పొట్ట దిగి ఉంటే తప్పు బోర్డుది కాదు, పైన ఉన్న ఫ్రేముది. ముందు ఆ గది ఎంసీబీ ఆపేయండి. పైన వైర్లు ఎక్కడ పరిచారో ఎవరికీ తెలియదు, స్క్రూ వాటిని తాకే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. డౌన్‌లైట్ కోసం కోసిన రంధ్రంలోంచి ఫోన్‌ని పైకి పెట్టి, ఫ్లాష్ వేసి వీడియో తీయండి. నాలుగు వైపులా తిప్పి తీస్తే ఫ్రేము మొత్తం కనిపిస్తుంది.

చూడాల్సినవి ఇవి. స్లాబు నుంచి వేలాడే హ్యాంగర్లు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) స్ట్రాప్‌లా, లేక బైండింగ్ వైరు మెలేసి కట్టారా? వైరు కట్టినచోట అది సాగి సీలింగ్ దిగే ప్రమాదం ఉంది. స్లాబులో డాష్ ఫాస్టెనర్ (కాంక్రీటులో బిగుసుకునే బోల్టు) ఉందా, లేక చెక్క ముక్క కొట్టి మేకు దించారా? ప్రామాణిక పద్ధతిలో పైన వేసే ఇంటర్మీడియట్ చానెళ్ళు 1220 మి.మీ.కి ఒకటి ఉండాలి, కింద బోర్డు తగిలే సీలింగ్ సెక్షన్లు 457 మి.మీ.కి, అంటే 18 అంగుళాలకు ఒకటి. ఈ 18 అంగుళాలకు కారణం ఉంది. మన మార్కెట్లో ఎక్కువగా దొరికే బోర్డు ఆరడుగులకు నాలుగడుగులు. 18 చొప్పున వేస్తే ఆరడుగుల చివర సరిగ్గా సెక్షన్ మీదే పడుతుంది, రెండు బోర్డుల చివర్లకూ చెరి అంగుళం ఆనుడు దొరుకుతుంది. ఇనుము మిగుల్చుకుందామని 20, 22 అంగుళాలు చేస్తే చివర గాలిలో తేలుతుంది. ఆ జాయింటు తర్వాత ఏం చేసినా నిలవదు.

హ్యాంగర్ వదులైతే దాని చుట్టుపక్కల బోర్డు దించాలి. భయపడాల్సిన పనేమీ కాదు. డ్రిల్‌ని రివర్స్‌లో పెట్టి స్క్రూలన్నీ విప్పితే బోర్డు చేతికి వస్తుంది. కానీ ఒక్కరే చేయకండి, ఆ సైజు బోర్డు దాదాపు 18, 19 కిలోలు ఉంటుంది. రెండు చెక్క రీపర్లతో ఇంగ్లిషు అక్షరం టీ ఆకారంలో ఒక ఊతకర్ర చేసుకోండి. నేల నుంచి సీలింగ్ ఎత్తు కంటే అరంగుళం పొడవు ఎక్కువ ఉండేలా కోస్తే, కింద కొంచెం ఏటవాలుగా పెట్టి నిలబెట్టేసరికి బోర్డును పైకి అదిమి పట్టుకుంటుంది. స్క్రూలు విప్పేటప్పుడూ, మళ్ళీ బిగించేటప్పుడూ అది మూడో మనిషి పని చేస్తుంది.

బోర్డు దించాక దారం మళ్ళీ కట్టి, ఈసారి సెక్షన్ల కింద అంచులను చూసుకోండి. దిగిన హ్యాంగర్ స్క్రూ విప్పి, సెక్షన్‌ను దారానికి సమానంగా లేపి బిగించండి. హ్యాంగర్ చాలకపోతే కొత్తది వేయండి. ఫ్యాన్ రాడ్ గానీ ఏసీ పైపు గానీ ఫ్రేముకు తగులుతుంటే ఇప్పుడే విడదీయాలి. ఫ్యాన్ స్లాబు కొక్కేనికే వేలాడాలి, బోర్డులోని రంధ్రం రాడ్‌కి తగలకుండా చుట్టూ సందు ఉండాలి. ఫ్యాన్ అదురు బోర్డుకు చేరిందంటే ఏ జాయింటూ ఆగదు.

తడి మరక కనిపిస్తే ఇక్కడే ఆపేయండి. పై అంతస్తు బాత్‌రూమ్ లీకు కట్టించకుండా సీలింగ్ మట్టం చేయడం వృథా. తడిసి మెత్తబడి సాగిన బోర్డు ఎండినా తిరిగి చదునవదు, మార్చేయాలి.

4. జాయింటు దగ్గర మెట్టు తగ్గించడం

పని మొత్తంలో ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. పక్కపక్క బోర్డుల మధ్య ఒకటి కిందికి, ఒకటి పైకి ఉంటే ముందు ఏది తప్పో తేల్చుకోవాలి. బద్దను జాయింటుకు అడ్డంగా పెట్టి, తర్వాత ఒక్కొక్క బోర్డు మీదా విడిగా పెట్టి చూస్తే తెలుస్తుంది. సాధారణంగా కిందికి దిగిందే తప్పు, ఎందుకంటే బోర్డు చానెల్‌కు పూర్తిగా ఆనలేదు.

దిగిన బోర్డు జాయింటు వైపు అడుగు వెడల్పులో స్క్రూలన్నీ విప్పండి. సందులో సన్నటి పట్టీ దూర్చి అటూ ఇటూ ఆడించండి. జిప్సం పెళ్ళ, చానెల్ కోసినప్పుడు మిగిలిన ఇనుప ముక్కు, విరిగిన క్లిప్పు, వంగి ఇరుక్కున్న స్క్రూ లాంటిదేదో తగులుతుంది. దాన్ని తీసేసి, బోర్డును అరచేత్తో పైకి అదిమి పట్టుకుని కొత్త చోట్ల స్క్రూలు వేయండి. బోర్డును పైకి లాగే పని స్క్రూకి వదిలేయకూడదు. చెయ్యి ముందు అదమాలి, స్క్రూ తర్వాత పట్టాలి. చాలాచోట్ల మెట్టు ఇంతటితోనే పోతుంది.

పోలేదంటే రెండు బోర్డులూ వేర్వేరు సెక్షన్ల మీద ఉన్నాయి, ఆ సెక్షన్ల ఎత్తు వేరు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు ఫ్రేమంతా విప్పక్కర్లేదు. పైకి పోయిన బోర్డు స్క్రూలు వదులుచేసి, చానెల్‌కీ బోర్డుకీ మధ్య గట్టి అట్ట చీలికలు పెట్టి దాన్ని కొంచెం కిందికి తెచ్చుకోవచ్చు. అట్టను అంచు దగ్గర ఒకే మందంలో పెట్టి ఆపేస్తే బోర్డు అక్కడ మడత పడినట్టు కనిపిస్తుంది. తర్వాతి చానెల్ దగ్గర సగం మందం పెట్టండి, వాలు నెమ్మదిగా పోతుంది.

జాయింటు పైన అసలు చానెలే లేకపోతే, సెక్షన్ ముక్క ఒకటి అడుగు పొడవున కోసి, సందులోంచి పైకి దూర్చి, జాయింటుకు అడ్డంగా తిప్పి, రెండు బోర్డుల్లోంచీ స్క్రూలు వేసి బిగించండి. అడుగున్నరకు ఒకటి చొప్పున ఇలాంటి ముక్కలు పెడితే రెండు అంచులూ ఒకే మట్టానికి వచ్చి కలిసి ఉంటాయి. సందు మరీ సన్నగా ఉంటే దాని పక్కన ఆ ముక్క దూరేంత గుండ్రటి రంధ్రం కోసి అక్కణ్ణుంచి దూర్చండి, తర్వాత ఆ చక్రం ముక్కనే తిరిగి అతికించవచ్చు.

5. అంచులు, చిరుగులు

బోర్డు పొడుగు అంచులు, అంటే ఆరడుగుల వైపువి, ఫ్యాక్టరీలోనే కొంచెం పల్చగా చేసి వస్తాయి. టేపు, కాంపౌండు ఆ పల్లంలో కూర్చుంటాయి కాబట్టి అక్కడ జాయింటు సులువు. నాలుగడుగుల చివర్లకు, మధ్యలో కోసిన ముక్కలకు ఆ పల్లం ఉండదు. వాటి మీద టేపు వేస్తే కచ్చితంగా మిట్ట వస్తుంది. అందుకని పదునైన కట్టర్‌తో ఆ అంచులు రెండూ ఏటవాలుగా చెక్కి చిన్న గాడి చేయండి. రెండు బోర్డుల మధ్య సందు 3 మి.మీ. దాటితే టేపుకు ముందే కాంపౌండుతో నింపి ఎండనివ్వాలి.

ఎక్కడైనా పైకాగితం చిరిగి గోధుమరంగు లోపలి పొర కనిపిస్తుంటే, వదులుగా ఉన్నదంతా కోసేసి ప్రైమర్ రాసి ఎండబెట్టండి. అలాగే వదిలి తడి లప్పం పెడితే అక్కడ బుడగలు లేస్తాయి, అది చాలామంది లప్పం తప్పనుకుంటారు.

6. టేపు

పేపర్ టేపు, జాయింటింగ్ కాంపౌండు వాడండి. పీఓపీ కలిపి జాయింట్లు మూసే అలవాటు మన దగ్గర ఎక్కువ. అది పావుగంటలో గట్టిపడుతుంది కాబట్టి పని త్వరగా అవుతుంది, కానీ టేపు లేకుండా పీఓపీ ఒక్కటే పెడితే జాయింటు వెంట సన్నటి చీలిక వస్తుంది. గోడలకు వాడే తెల్ల సిమెంట్ పుట్టీని కూడా బోర్డు జాయింట్లకు వాడొద్దు, అది సిమెంట్ గోడకు చేసిన సరుకు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో బోర్డు కంపెనీల కాంపౌండు, టాప్‌కోటు బస్తాలు దొరుకుతాయి. బస్తా మీద తయారీ తేదీ చూసి తీసుకోండి.

పొడి కాంపౌండు అయితే నీళ్ళలో పొడి చల్లుతూ కలపాలి, పొడిలో నీళ్ళు పోయకూడదు. బకెట్‌లో పాత గడ్డలేవీ మిగలకుండా కడగండి. జిప్సం సరుకు పాత ముక్క తగిలితే ముందే గట్టిపడిపోతుంది, మీరు సగం జాయింటులో ఉండగానే చేతిలోది పనికిరాకుండా పోతుంది.

జాయింటు వెంట నాలుగంగుళాల వెడల్పున కాంపౌండు పరిచి, టేపు మధ్య మడత జాయింటు మీద పడేలా అతికించి, పట్టీతో మధ్య నుంచి రెండు చివర్ల వైపు లాగండి. టేపు అంచుల నుంచి కొంచెం సరుకు బయటకు రావాలి. ఎక్కడైనా రాకపోతే అక్కడ టేపు కింద పొడిగా ఉన్నట్టే, తర్వాత అది ఉబ్బుతుంది. వెంటనే లేపి కింద మరికొంత పెట్టండి.

7. వాలు ఇవ్వడం

ఇక మిగిలిన మెట్టు సంగతి. సీలింగ్ రసమట్టానికి సరిగ్గా తూగాలని కంగారు పడకండి, కంటికి మట్టంగా ఉంటే చాలు. కంటికి దొరికేది ఎత్తు తేడా కాదు, ఆ తేడా ఎంత త్వరగా వచ్చిందన్నది. 3 మి.మీ. మెట్టును ఆరంగుళాల్లో కలిపితే కోవ్ లైటు కింద గుండ్రటి మిట్ట కనిపిస్తుంది. అదే 3 మి.మీ.ను రెండడుగులకు సాగదీస్తే ఇంటికొచ్చిన చుట్టాలు కాదు, సీలింగ్ చేసినవాడే కనిపెట్టలేడు.

మెట్టు ఉన్నచోట సరుకు పైకి పోయిన బోర్డు వైపే వేయాలి. కిందికి ఉన్న బోర్డు మీద టేపును మూసేంత పల్చటి పొర చాలు. రెండు వైపులా సమానంగా వేస్తే మెట్టు అలాగే ఉండి మందం మాత్రం పెరుగుతుంది. నాలుగడుగుల జాయింటు మీద 3 మి.మీ. నుంచి సున్నాకు రెండడుగుల వాలు అంటే సుమారు 1.1 లీటర్ల సరుకు. ఇది ఒకేసారి పెట్టేది కాదు. మొదటి కోటు ఎనిమిది అంగుళాలు, అది పూర్తిగా తెల్లబడ్డాక పద్నాలుగు, ఆ తర్వాత రెండడుగులు. ప్రతి కోటూ ముందుదాని అంచు దాటాలి. ఆఖరి కోటుకు చిన్న పట్టీ పనికిరాదు, పన్నెండంగుళాలదో, ఇంకా పెద్దదో తీసుకోండి. బయటి అంచు మీద పట్టీని గట్టిగా నొక్కి, లోపలి అంచు వదులుగా పట్టుకుని లాగితే వాలు దానంతటదే వస్తుంది.

మెట్టు లేని బట్ జాయింటుకైనా (పల్చటి అంచు లేని చివర్లు కలిసేచోటు) వెడల్పు కావాలి, టేపు మందం దాచాలి కదా. మధ్య నుంచి ఒక్కోవైపు అడుగు చొప్పున పోండి. మధ్యలో టేపు మీద మాత్రం సరుకు దాదాపు ఉండకూడదు.

ఎండడం గురించి: విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, ఒక్కో కోటుకు రాత్రంతా సరిపోకపోవచ్చు. చేత్తో తాకితే చల్లగా ఉందంటే లోపల తడి ఉన్నట్టే, ఆగండి. మే నెల హైదరాబాద్‌లో ఇబ్బంది ఇందుకు పూర్తిగా రివర్స్. కిటికీలు తెరిచి ఫ్యాను పెడితే పైపొర ముందే ఎండి సన్నటి చీలికలు వస్తాయి. ఎండాకాలంలో పని సాయంత్రం పెట్టుకోండి, ఫ్యాను ఆపేయండి.

8. పేపర్ కొట్టి, మళ్ళీ టార్చ్

120 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 220తో ముగించండి. టార్చ్ గోడ పక్కన వెలిగించి ఉంచి, ఆ వెలుతురులోనే పేపర్ కొట్టాలి. బోర్డు కాగితం మీద పేపర్ పడితే నూగు లేస్తుంది, పెయింట్ కింద అది మచ్చలా కనిపిస్తుంది కాబట్టి జాయింటు అంచు దాటకండి. మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. తల పైకెత్తి పనిచేసేటప్పుడు ఆ పొడి మొత్తం మొహం మీదే పడుతుంది.

దుమ్ము తుడిచి మొత్తం సీలింగ్‌కి ఒక కోటు ప్రైమర్ వేయండి. బోర్డు కాగితం, కాంపౌండు తడిని వేర్వేరుగా పీలుస్తాయి, ప్రైమర్ ఆ తేడా తగ్గిస్తుంది. అది ఆరాక మళ్ళీ రాత్రి టార్చ్ పట్టండి. రంగు ఒకటే అయ్యాక ముందు కనపడని గుంటలు ఇప్పుడు దొరుకుతాయి. వాటిని మాత్రమే సరిచేసుకుని, ఆ తర్వాతే మొత్తం మీద టాప్‌కోటు వేయించండి. రెండు కోట్లు, ఒక్కోటి మిల్లీమీటరు లోపు, మొదటిది పొడుగునా రెండోది అడ్డంగా.

పని కాంట్రాక్టుకు ఇచ్చి ఉంటే ఆఖరి విడత డబ్బు ఈ రెండో టార్చ్ పరీక్ష తర్వాతే అని ముందే చెప్పుకోండి. మొదట్లోనే చెబితే ఎవరూ బాధపడరు. చాలామంది సీలింగ్ పనివాళ్ళు బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్ళు, మీకు హిందీ అంతంతమాత్రమే అయినా ఫర్వాలేదు. టార్చ్ గోడకు ఆనించి నీడ చూపిస్తే పని ఏమిటో మాటల్లేకుండానే అర్థమవుతుంది.

పెయింట్ మ్యాట్ ఫినిష్‌దే తీసుకోండి. మెరుపున్న ఎమల్షన్ సీలింగ్ మీద ప్రతి వంకరనూ రెట్టింపు చేసి చూపిస్తుంది.

గోడ, సీలింగ్ కలిసే మూల గురించి ఒకటి మిగిలింది. అక్కడ లప్పం గట్టిగా పూసి మూసేయడం మామూలు, ఏసీ వేసిన మొదటి ఎండాకాలంలోనే ఆ గీత చీలడమూ మామూలే. బోర్డు ఒకలా, గోడ ఒకలా సాగి ముడుచుకుంటాయి. మూలలో సన్నటి సందు వదిలి, అక్రిలిక్ సీలెంటుతో నింపి వేలితో ఒక్కసారి లాగండి. పెయింట్ పట్టే రకమని ట్యూబు మీద రాసి ఉందో లేదో చూసి కొనండి, మామూలు సిలికాన్ అయితే దాని మీద ఎమల్షన్ నిలవదు.